టెథిస్

టెథిస్ ప్రాచీన గ్రీకు పురాణాలలో పేర్కొనబడిన ఒక జలదేవత. ఆకాశానికి అధిదేవత అయిన యురేనస్‌కు, భూదేవి అయిన గాయాకు జన్మించిన 12 మంది టైటన్లలో ఈమె ఒకరు. తన సోదరుడైన ఓషియానస్‌ను వివాహమాడి లోకంలోని నదులన్నిటికీ తల్లి అయినదని ప్రాచీన గ్రీకులు భావించేవారు. పురాణ కథలలో ఈమె పాత్ర చాలా చిన్నది. అయినప్పటికీ ఆధునిక కాలంలో ఒక అంతరించిపోయిన మహాసముద్రానికి, శనిగ్రహపు ఉపగ్రహాలలో ఒకదానికి ఈమె పేరు పెట్టడం వలన టెథిస్ పేరు నేడు పురాణాల కంటే విజ్ఞానశాస్త్ర గ్రంథాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. హిమాలయ పర్వతాల పుట్టుకతో ముడిపడి ఉండుటచే ఈ పేరు భారతదేశపు భూగోళ పాఠాలలో కూడా సుపరిచితమైనది.

పురాణ కథలు

క్రీ.పూ. 8వ శతాబ్దం చివర లేదా 7వ శతాబ్దంలో జీవించిన హెసియడ్ అను కవి వ్రాసిన థియోగొనీ కావ్యంలో టెథిస్ వంశ వివరాలు ఉన్నాయి. దీని ప్రకారం టెథిస్, ఓషియానస్ దంపతులకు 3000 మంది కుమార్తెలు, అంతే సంఖ్యలో కుమారులు కలిగారు. కుమార్తెలను ఓషియానిడ్లు అంటారు. కుమారులు నదీ దేవతలు. నైలు, డాన్యూబు (గ్రీకుల ఇస్టర్), స్కమాండర్ మొదలైన నదులను హెసియడ్ వీరిలో పేర్కొన్నాడు. ప్రాచీన గ్రీకుల దృష్టిలో ఓషియానస్ అనగా భూమి చుట్టూ ప్రవహించే ఒక మహానది. నదులు, ఊటలు, బావులు అన్నిటికీ మూలం అదే. కనుక టెథిస్ మొదట మంచినీటికి తల్లి. తరువాతి కాలపు కవులు, ముఖ్యంగా రోమన్ కవులు, ఆమె పేరును సముద్రానికి పర్యాయపదంగా వాడసాగారు.

హోమర్ రచించిన ఇలియడ్ 14వ సర్గలో టెథిస్ ప్రస్తావన ఉన్నది. జ్యూస్ తన తండ్రి క్రోనస్‌తో పోరాడుతున్న కాలంలో హేరా దేవిని టెథిస్ తన ఇంట పెంచినదని ఇందులో చెప్పబడింది. టెథిస్, ఓషియానస్‌లు కలహించుకొని ఎడబాటుగా ఉన్నారని, వారిని కలిపేందుకు వెళుతున్నానని హేరా చెబుతుంది. నిజానికి ఇది జ్యూస్‌ను ఏమార్చడానికి ఆమె చెప్పిన సాకు.

సప్తర్షి మండలం చేరిన బృహదృక్ష రాశి గ్రీసు దేశంలో ఎన్నడూ అస్తమించక ఉత్తర ధ్రువం చుట్టూ తిరుగుతూ కనిపిస్తుంది. దీనికి కారణంగా ఒక కథ చెబుతారు. జ్యూస్ మోహించిన కల్లిస్టో ఎలుగుబంటిగా మారి ఆకాశంలో నక్షత్రరాశి కాగా, తన పెంపుడు కూతురు హేరా కోరిక మేరకు టెథిస్ ఆ రాశిని సముద్ర జలాలలో మునగనివ్వలేదట.

థెటిస్‌తో తికమక

టెథిస్, థెటిస్ వేర్వేరు దేవతలు. పేర్లు దగ్గరగా ఉండుటచే ప్రాచీన కాలం నుండి వీరిని ఒకరిగా పొరబడుట జరుగుతున్నది. థెటిస్ సముద్ర దేవుడు నీరియస్ కుమార్తె, ట్రాయ్ యుద్ధ వీరుడు అఖిలిస్ తల్లి. ఆమె తల్లి డోరిస్ ఓషియానిడ్లలో ఒకరు. అనగా థెటిస్‌కు టెథిస్ అమ్మమ్మ అవుతుంది. లండన్ నగరంలోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, సోఫిలోస్ అను చిత్రకారుడు క్రీ.పూ. 580 ప్రాంతంలో చిత్రించిన మట్టి పాత్రపై థెటిస్ పెళ్ళి వేడుకకు వచ్చిన దేవతలలో టెథిస్ కూడా కనిపిస్తుంది.

రోమన్ సామ్రాజ్య కాలంలో ఆంటియోక్, జ్యూగ్మా (రెండూ ప్రస్తుత టర్కీలో ఉన్నాయి) మొదలైన పట్టణాలలో స్నానశాలలు, కొలనుల నేలపై టెథిస్ రూపాన్ని రంగురాళ్ళతో పొదిగేవారు. నుదుటిపై చిన్న రెక్కలు, చుట్టూ చేపలు, పక్కన సముద్రపు సర్పం ఈ చిత్రాలలో ఆమెను గుర్తించే ఆనవాళ్ళు.

టెథిస్ సముద్రం

ఆల్ప్స్, హిమాలయ పర్వతాల శిలలలో సముద్ర జీవుల శిలాజాలు దొరకడం 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులను ఆలోచింపజేసింది. ఆస్ట్రియా దేశపు భూగర్భ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ సూస్ (1831-1914) ఒకప్పుడు యూరప్ నుండి ఆసియా వరకు ఒక సముద్రం వ్యాపించి ఉండేదని, దాని అడుగున పేరుకున్న పొరలే ముడతలు పడి ఈ పర్వతాలుగా లేచాయని వివరించాడు. 1893లో ఆ సముద్రానికి ఓషియానస్ భార్య పేరిట టెథిస్ అని నామకరణం చేశాడు. దక్షిణాన ఉన్న మహాఖండానికి గోండుల ప్రాంతం మీదుగా వచ్చిన గోండ్వానా అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినది కూడా సూసే. తెలంగాణలోని సింగరేణి బొగ్గు ఈ గోండ్వానా కాలపు శిలలలోనిదే.

ఖండాలు కదులుతాయన్న సంగతి సూస్ కాలానికి తెలియదు. 1960 దశకంలో ఫలక సిద్ధాంతం స్థిరపడిన తరువాత టెథిస్ చరిత్ర స్పష్టమైనది. పెర్మియన్ యుగంలో గోండ్వానా ఉత్తరపు అంచు నుండి కొన్ని భూభాగాలు విడిపోయి ఉత్తరానికి కదిలాయి. వాటి వెనుక ఏర్పడిన సముద్రాన్ని నవ టెథిస్ అని, వాటి ముందు ఉండి క్రమంగా మూసుకుపోయిన పాత సముద్రాన్ని పురా టెథిస్ అని అంటారు. తరువాత గోండ్వానా నుండి విడివడిన భారత ఫలకం, ఒక దశలో సంవత్సరానికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి ప్రయాణించి, సుమారు 5 కోట్ల సంవత్సరాల క్రితం ఆసియాను ఢీకొన్నది. మధ్యనున్న సముద్రం మూసుకుపోయి హిమాలయాలు ఏర్పడ్డాయి.

ఎవరెస్టు శిఖరం టెథిస్ అడుగున ఏర్పడినదని తరచుగా చెబుతారు. అయితే శిఖరంపై ఉన్న సున్నపురాయి ఆర్డోవిషియన్ యుగానిది, అనగా 44 కోట్ల సంవత్సరాలకు పూర్వపుది. అది టెథిస్ కంటే ముందు గోండ్వానా అంచున ఉన్న సముద్రంలో ఏర్పడినది. అందువలన అది సముద్రపు రాయే కాని టెథిస్ నాటిది కాదు.

నేటికీ మిగిలిన గుర్తులు

* నేపాల్‌లోని గండకీ నదిలో లభించే సాలగ్రామాలలో చాలావరకు టెథిస్ సముద్రంలో జీవించిన అమ్మొనైట్ అను జీవుల శిలాజాలు. వైష్ణవులు విష్ణు చక్రంగా భావించి పూజించే చుట్టలు ఆ జీవి గుల్ల యొక్క ముద్రలు.
* లడఖ్‌లో సింధు నది, టిబెట్‌లో సాంగ్‌పో పేరుతో ప్రవహించే బ్రహ్మపుత్ర చాలా దూరం రెండు ఫలకాల అతుకు వెంబడి సాగుతాయి. ఈ అతుకు పొడవునా పాత సముద్రపు నేల ముక్కలు బయటపడి ఉన్నాయి.
* పర్షియన్ సింధుశాఖ దేశాలలోని చమురు నిక్షేపాలలో అధికభాగం టెథిస్‌లో పెరిగి అడుగుకు చేరిన సూక్ష్మజీవుల నుండి ఏర్పడినవి.
* పాకిస్తాన్‌లో, ఈజిప్టులోని వాది అల్ హితాన్ లోయలో దొరికిన ఆదిమ తిమింగలాల శిలాజాలు టెథిస్ తీరాలవే. నేలపై నడిచిన జంతువులు సముద్ర జీవులుగా మారిన క్రమాన్ని ఇవి తెలుపుతాయి.

శని ఉపగ్రహం

ఇటలీలో పుట్టి పారిస్ నక్షత్రశాలలో పనిచేసిన గియోవన్ని కాసిని 1684లో శనిగ్రహానికి చెందిన రెండు ఉపగ్రహాలను కనుగొన్నాడు. శని గ్రహం రోమన్ల శాటర్న్, అనగా గ్రీకుల క్రోనస్. కనుక క్రోనస్ తోబుట్టువులైన టైటన్లు మొదలైన వారి పేర్లను శని ఉపగ్రహాలకు పెట్టాలని 1847లో జాన్ హెర్షెల్ సూచించాడు. ఆ విధంగా కాసిని చూసిన వాటిలో ఒకటి టెథిస్, రెండవది డయోనీ అయ్యాయి.

టెథిస్ వ్యాసం సుమారు 1060 కిలోమీటర్లు. ఇది 45 గంటలకు కొంచెం పైగా సమయంలో శనిని ఒకసారి చుట్టివస్తుంది. దీని సాంద్రత నీటి కంటే కొంచెం తక్కువ కావడం వలన ఇది దాదాపు పూర్తిగా నీటి మంచుతో కూడినదని భావిస్తారు. ఈ సంగతి పేరు పెట్టిన హెర్షెల్‌కు తెలియదు. దీని కక్ష్యలోనే ముందు ఒకటి, వెనుక ఒకటిగా తిరిగే రెండు చిన్న ఉపగ్రహాలు 1980లో కనుగొనబడ్డాయి. వాటికి టెథిస్ కుమార్తెలుగా హెసియడ్ పేర్కొన్న టెలెస్టో, కలిప్సో పేర్లు పెట్టారు.

ఇతర వాడుకలు

మధ్యధరా సముద్రంలో నివసించే, గుల్ల లేని ఒక సముద్రపు నత్త ప్రజాతికి టెథిస్ అని పేరు. ఏనుగులు, సముద్రపు ఆవులు చేరిన క్షీరదాల సమూహాన్ని టెథిథీరియా అంటారు. టెథిస్ తీరాలలో ఈ జంతువులు పరిణామం చెందాయన్న అభిప్రాయంతో 1975లో ఈ పేరు పెట్టబడినది.