ఏటి వాలుగ

మత్స్యశాస్త్రంలో వాలుగ చేప పేరు ‘వాలగో అట్టు’. చూడటానికి లాటిన్‌లా ఉన్నా రెండు ముక్కలూ మన దక్షిణాదివే. మొదటిది తెలుగు వాలుగ. 1851లో బ్లీకర్ అనే డచ్చి శాస్త్రవేత్త దాన్ని ప్రజాతి పేరుగా తీసుకున్నాడు. రెండోది 1801లో బ్లాఖ్, ష్నైడర్ అనే శాస్త్రవేత్తల గ్రంథంలో అచ్చయిన తమిళ మాట. తమిళ ఆఱు మన ఏఱే. ఏఱు ‘ఏటి’ అయినట్టే ఆఱు ‘ఆట్రు’ అవుతుంది, వాడుకలో ‘ఆత్తు’. వెరసి ఆ పేరుకు అర్థం ఏటి వాలుగ.

ఏటిది అని విడిగా చెప్పడం ఎందుకు? తమిళంలో వాలుగను ‘వాళై’ అంటారు; సముద్రంలోని పొడుగాటి, పల్చటి చేపలకూ అదే పేరు. ఉండే నీటిని బట్టి జాలరులు వాటిని వేరుచేశారు. గోదావరి మీద ఇంకో అడుగు ముందుకెళ్లారు. కడలిలో విలస, ఏట్లోకి ఎక్కితే పులస: చేప ఒకటే, నీరు మారితే పేరే మారిపోయింది.

వాలుగలో ‘వాలు’ ఏమిటి? నీటివాలు అనుకోవాలని నాకూ ఆశగానే ఉంది. కానీ తమిళంలోనూ కన్నడంలోనూ ఇక్కడ ‘ళ’ ఉంది: వాళై, బాళె. తేళ్ తేలైనట్టు, ముళ్ ముల్లైనట్టు మనకు ళకారం లకారమైంది. వాళ్ అంటే కత్తి. పాత తెలుగులో ‘వాలు’కూ ఆ అర్థముంది. పక్కల నుంచి నొక్కినట్టున్న, పొలుసు లేని ఆ మెరిసే ఒంటిని చూస్తే కత్తి పేరే సరైనదనిపిస్తుంది. వాలిపోవడంలోని వాలు వేరు, అది ‘వ్రాలు’ నుంచి వచ్చింది.  

పేరుతో సంబంధం లేకపోయినా ఏ చేప ఎక్కడుంటుందో చాలావరకు నిర్ణయించేది నీటివాలే. కొండవాగులో వాలు ఎక్కువ. సన్న ఇసుక నిలవదు, రాళ్లే మిగులుతాయి. ఉరికే నీళ్లలో గాలి బాగా కలుస్తుంది. అక్కడ గార్రా అనే చిన్న చేప కింది పెదవి వెనకున్న గుండ్రటి బిళ్లతో రాతిని పట్టుకుని పాచి గీక్కుతింటుంది. ఆ వడిలో వాలుగ నిలవలేదు. వాలు తగ్గి, ఏరు వంపు తిరిగి, గట్టు కింద కోసుకుపోయి మడుగైన చోటు దానిది. పగలు గట్టు కింద దాగి, రాత్రి వేటకు బయల్దేరుతుంది. బురదనీళ్లలో కళ్లకన్నా పొడుగాటి మీసాలే దానికి దారి చూపుతాయి. కళ్లను దాటి చీలిన నోరు చిన్న చేపలను అమాంతం పట్టేస్తుంది.

ఆ మడుగు ఒక్కటే చాలదు. తొలకరి వరద గట్టు దాటి పల్లాలను ముంచితే వాలుగలు ఆ లోతు తక్కువ నీళ్లలోకి ఎక్కి గుడ్లు పెడతాయి. ఆనకట్ట వరదను పట్టేస్తే, కరకట్ట పల్లాన్ని ఏటి నుంచి విడదీస్తే, మడుగు నిండుగా ఉన్నా పిల్లలు తగ్గిపోతాయి. చెరువుల్లో పెంచుదామన్నా బొచ్చె, శీలావతి పిల్లలను మింగేస్తుందని రైతులు దాన్ని ఏరేస్తారు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి వాలుగను ఇప్పుడు ముప్పుకు లోనయ్యే జీవుల పట్టికలో పెట్టింది.