అగ్గిపెట్టె మీది బొమ్మ – పుట్టుపూర్వోత్తరాలు

మన తరంవారి చిన్నతనంలో డబ్బు పెట్టి కొన్న ఆటవస్తువులు తక్కువ. ఖాళీ అగ్గిపెట్టెలు వరుసగా గుచ్చితే రైలుబండి, రెండింటికి దారం కడితే టెలిఫోను. పైనున్న బొమ్మను నీళ్లలో నానబెట్టి ఊడదీసి, ఎండబెట్టి, నోటుపుస్తకంలో దాచుకొనేవాళ్లం. పందెం కాసి ఆడుకొనేవాళ్లం. పులి, ఓడ, నెమలి, లక్ష్మీదేవి, ఇలా ఎన్నో. ఆ బొమ్మ గీసినది ఎవరని మాత్రం మనలో ఎవరూ అడిగి ఉండరు.

పదవీ విరమణ చేశాక నేను ఆ ప్రశ్న పట్టుకున్నాను. సర్వీసులో చాలాకాలం రికార్డు సెక్షనులో గుమాస్తాగా పనిచేసిన వాడిని. ఏ కాగితం చేతికొచ్చినా ఎక్కడిది, ఏ తేదీది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని చూడడం అలవాటు. లేబులు విషయంలోనూ అదే పద్ధతి పనికివచ్చింది.

చాలా లేబుళ్ల మీద తేదీ ఉండదు. అయినా ఆనవాళ్లు ఉంటాయి. ధర నయాపైసల్లో ఉంటే అది 1957 ఏప్రిల్ 1 తరువాతది. 1964 జూన్‌లో "నయా" అనే మాట తీసివేశారు కనుక ఇంచుమించు ఆ ఏడేళ్ల లోపుదే. శివకాశి ఊరి పేరు కింద రామనాథపురం జిల్లా అని ఉంటే 1985కు ముందుది, ఎందుకంటే ఆ ఏడాది జిల్లాను విడదీశారు. అగ్గిపెట్టెల మీద ఎక్సైజు పన్ను చట్టం 1934లో వచ్చింది. పన్ను కట్టినట్లు పెట్టెకు బ్యాండరోల్ అనే కాగితపు పట్టీ అంటించేవారు. మన దేశంలో తయారైన పెట్టె మీద ఆ పట్టీ ముక్క మిగిలి ఉంటే అది 1934కు ముందుది కాదు.

ఇక బొమ్మ సంగతి. పెట్టె పక్కన గీస్తేనే వెలిగే సేఫ్టీ అగ్గిపుల్లకు స్వీడన్ దేశంలో గుస్తాఫ్ పాష్ 1844లో పేటెంటు పొందాడు. అదే దేశంలోని యాన్‌షాపింగ్ పట్టణంలో లుండ్‌స్ట్రమ్ సోదరులు దానిని పెద్ద పరిశ్రమగా చేశారు. మన దేశానికి చాలాకాలం అగ్గిపెట్టెలు స్వీడన్, జపాన్ వంటి దేశాల నుంచే ఓడల్లో వచ్చేవి. కొనేవారిలో చదువు రానివారే ఎక్కువ. పేరు చదవలేరు గాని బొమ్మ చూసి గుర్తుపడతారు. అందుకే ఎన్నడూ మన దేశం చూడని ముద్రాపకులు కూడా మన దేవతల బొమ్మలు వేసి పంపారు.

ఆ దేవతల రూపాలకు మూలం వెతికితే చాలాసార్లు రవివర్మ (1848–1906) దగ్గర తేలుతాము. ఆయన 1894లో బొంబాయిలో రంగుల ముద్రణాలయం పెట్టారు. తరువాత అది లోనావాలా దగ్గరి మాలవలికి మారింది. కొన్నాళ్లకు దానిని, బొమ్మలు అచ్చువేసుకొనే హక్కుతో సహా, ఫ్రిట్జ్ ష్లైషర్ అనే జర్మన్ నిపుణుడికి అమ్మివేశారు. ఆ లక్ష్మి, ఆ సరస్వతి, ఆ శకుంతల పూజగది పటం నుంచి సరుకుల లేబుళ్ల మీదికి దిగారు.

మూడో మజిలీ శివకాశి. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే దాయాదులు కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొని వచ్చి, మరుసటి ఏడు సొంత ఊళ్లో మొదలుపెట్టారు. వానలు తక్కువైన ఆ నేలకు ఈ పని సరిపోయింది. పెట్టెలకు లేబుళ్లు కావాలి కనుక లిథో ప్రెస్సులు వచ్చాయి. లేబుళ్లతో మొదలైన ముద్రణ కేలండర్లకు, డైరీలకు పాకి ఆ ఊరు దేశమంతటికీ అచ్చుల ఊరయింది.

లిథో పద్ధతిలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. కాగితం ఎన్ని రంగులుంటే అన్నిసార్లు అచ్చులో పడాలి. వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు బుగ్గ మీదికి పోతుంది. చిన్ననాడు మనకు నవ్వు తెప్పించిన ఆ వంకర మూతుల రహస్యం ఇదే.

కేలండర్ చిత్రకారులలో కోవిల్‌పట్టిలో స్థిరపడిన కొండయ్య రాజు (1898–1976) పేరు నిలిచింది. ఆయన రమణ మహర్షి ఆశ్రమంలో కొంతకాలం ఉన్నారు. నాటక కంపెనీకి తెరలు వ్రాశారు. ఆయన శిష్యుల బొమ్మలూ ఇంటింటికీ చేరాయి. లేబులు బొమ్మలు గీసినవారి పేర్లు మాత్రం నా దగ్గరున్న ఒక్క లేబులు మీద కూడా లేవు. యజమాని పేరుంది, ట్రేడ్‌మార్కు ఉంది, పుల్లల లెక్క ఉంది. గీసిన చేయి లేదు.

అంతకంటె బాధ కలిగించేది మరొకటి ఉంది. స్వీడన్‌లో 1936లో ఐనార్ నెర్మన్ అనే చిత్రకారుడు సూర్యుడి ముందు నడిచే చిన్న పిల్లవాడి బొమ్మ ఒక అగ్గిపెట్టెకు గీశాడు. సూల్‌స్టికన్ అనే ఆ పెట్టె అమ్మకంలో కొంత భాగం పిల్లల కోసం, వృద్ధుల కోసం పనిచేసే సంస్థకు వెళ్లేది. అక్కడ పెట్టె మీది పిల్లవాడు పిల్లలను ఆదుకున్నాడు. మన దగ్గర పుల్లలు సర్ది, పెట్టెలు అంటించిన చేతుల్లో పసిచేతులు ఎన్నో ఉన్నాయి. 1986 చట్టం అగ్గిపెట్టెల తయారీలో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను నిషేధించింది. శివకాశి పిల్లల కేసులో 1996 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, పనిలో పెట్టుకొన్న ఒక్కొక్క పిల్లవాడికి యజమాని రూ. 20,000 కట్టాలని తీర్పు చెప్పింది. మనం ఊడదీసి ఆడుకొన్న బొమ్మను మన ఈడు పిల్లలే అంటించి ఉండవచ్చు.

సభ్యులకు ఒక మనవి. పాత ట్రంకుపెట్టెల్లో, పుస్తకాల మధ్య ఇటువంటి లేబుళ్లు ఉంటే పారవేయవద్దు. వెనుక పెన్సిలుతో ఎక్కడ దొరికినదీ, ఏ సంవత్సరమో వ్రాయండి. మనవలకు చూపించేటప్పుడు బొమ్మతోపాటు దానిని గీసినవారి మాట, అంటించినవారి మాట కూడా చెప్పండి. రికార్డులో ఎక్కని ఆ పేర్ల కోసం మనం చేయగలిగినది ఈ కాస్తే.