హెన్రీ మరిచాడు, వైద్యం మరవలేదు

మూర్ఛకి ఆపరేషన్ ఉందంటే నాకూ మొదట ఆశ్చర్యమేసింది. నిజానికి 1886లోనే లండన్‌లో విక్టర్ హార్స్‌లీ చేశాడు. కానీ నన్ను వదలకుండా వెంటాడేది 1953 నాటి అమెరికా కథ.

హెన్రీ మొలాయిసన్‌కి అప్పుడు 27 ఏళ్ళు, ఇంచుమించు నా వయసే. మందులకి లొంగని ఫిట్స్. హార్ట్‌ఫర్డ్‌లో డాక్టర్ విలియం స్కోవిల్ అతని మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశాడు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ ఆ తర్వాత జరిగిందేదీ గుర్తుండేది కాదు. ఇప్పుడే మాట్లాడిన మనిషి బయటికెళ్ళి వస్తే మళ్ళీ కొత్తే!

బ్రెండా మిల్నర్ అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. మూడు రోజుల్లో చెయ్యి తిరిగింది. ముందురోజు గీసిన సంగతే తెలీదు. అంటే పనితనం ఒకచోట, జ్ఞాపకం మరోచోట అన్నమాట.

మేమైతే తప్పు జరిగితే పాత వెర్షన్ పెట్టేస్తాం. 2008లో పోయేదాకా హెన్రీకి ఆ అవకాశం లేదు. స్కోవిల్ మాత్రం దాచలేదు. 1957లో మిల్నర్‌తో కలిసి అంతా ప్రచురించి, మిగతా సర్జన్లని హెచ్చరించాడు. ఇవాళ ఒకవైపే, అదీ జ్ఞాపకశక్తి పరీక్షించాకే తీస్తున్నారంటే ఆ ఒప్పుకోలు చలవే.

మన బగ్గుల గురించి మనం అంత నిజాయితీగా రాస్తామంటారా?