జరిమానా నుంచి పతకం దాకా

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రీమేసన్ లాడ్జీలు రెండు రకాల సన్మానాలు చేస్తుంటాయి. (ఇవి మనం ఊరెళ్తే బస చేసే లాడ్జీలు కావు, ప్రమాణం చేసి చేరే సోదర సంఘాల శాఖలు.) ఒకటి ‘గోల్డెన్ ట్రోవెల్’, అంటే బంగారు తాపీ. లాడ్జి కోసం పాటుపడిన సభ్యుడికి దీన్నిస్తారు. రెండోది ‘కమ్యూనిటీ బిల్డర్’. ఊరికి మేలు చేసిన, లాడ్జిలో సభ్యత్వం లేని వ్యక్తికి దీన్నిస్తారు. ఏప్రాన్లు, చేతి తొడుగులు, మెడలో పతకాలు, పాతకాలపు సంబోధనలు ఉన్న సంస్థ కాబట్టి ఈ సన్మానాలూ అంత పాతవేనని చూసేవాళ్లు అనుకోవడం సహజం. కానీ సోదర సంఘాల మూడు వందల ఏళ్ల చరిత్ర చూస్తే, పదవి లేకుండా, పేరు లేకుండా సేవ చేసిన మనిషిని గుర్తించి బిరుదివ్వడం వాటికి ఆలస్యంగా అబ్బిన అలవాటు. సేవ సభ్యుడి విధిగా ఉన్నంతకాలం దానికి బహుమతి లేదు, ఎగ్గొట్టినవాడికి జరిమానా ఉండేది. విధి సడలిపోయాకే పతకం వచ్చిందని నా వాదన.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. మేసన్లకు పతకాలు మొదటినుంచీ ఉన్నాయి కదా అని. ఉన్నాయి. 1717లో లండన్‌లో గ్రాండ్ లాడ్జి పుట్టిందని వాళ్ల సంప్రదాయం చెబుతుంది. 1723లో జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి, మేసన్లలో పైస్థానం వ్యక్తి యోగ్యతను బట్టే గాని వయసును బట్టి కాదని రాసింది. అయితే ఆ యోగ్యతకు దక్కే ఫలం ఇంకో కుర్చీ. మాస్టరు (లాడ్జి అధ్యక్షుడు) మెడలో మూలమట్టం, కోశాధికారికి తాళంచెవి, ఇలా ప్రతి ఆభరణమూ ఒక పదవికి గుర్తు. దిగిపోయిన మాస్టరుకిచ్చే పతకం కూడా పదవి జ్ఞాపకమే. ఆ తర్వాత వచ్చినవి విరాళాల పతకాలు. 1788లో బార్తలోమ్యూ రుస్పీని అనే దంతవైద్యుడి చొరవతో లండన్‌లో మేసన్ల కూతుళ్ల కోసం పాఠశాల మొదలైంది. పదేళ్లకు కొడుకుల కోసం మరో సంస్థ వచ్చింది. వాటికోసం చందాల జాబితా పట్టుకు తిరిగి వసూలు చేసినవాళ్లు స్టీవార్డు పతకం ధరించేవారు. మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన 3,225 మంది మేసన్ల స్మృతిగా లండన్‌లో 1927–33 మధ్య ఫ్రీమేసన్స్ హాలు కట్టారు. పది గినీలో అంతకు మించో ఇచ్చినవారికి ‘హాల్ స్టోన్’ పతకం దక్కింది. తలకు సగటున పది గినీలు తేల్చిన లాడ్జి మాస్టరుకు ఆ పతకాన్ని పదవీచిహ్నంగా ధరించే హక్కు వచ్చింది. ఇది దాతృత్వమే, కాదనను. కానీ కొలిచింది డబ్బును. మన ఊళ్లలో రోటరీ, లయన్స్ క్లబ్బుల ఫ్లెక్సీల మీద పేరు పక్కన కనిపించే ‘పాల్ హారిస్ ఫెలో’ (1957 నుంచి), ‘మెల్విన్ జోన్స్ ఫెలో’ (1973 నుంచి) బిరుదులదీ ఇదే వంశం. రెంటికీ మూలం వెయ్యి డాలర్ల విరాళం. సేవ చేసిన మనిషికి ఇవ్వాలన్నా, అతని పేరిట ఎవరో ఆ వెయ్యి కట్టాల్సిందే.

సేవ విధిగా ఎలా ఉండేదో తెలియాలంటే మేసన్ల కంటే ‘ఆడ్ ఫెలోస్’ అనే మరో సోదర సంఘం చరిత్ర చూడాలి. ఇంగ్లండు నుంచి వలస వచ్చిన కమ్మరి పనివాడు థామస్ వైల్డీ 1819 ఏప్రిల్ 26న బాల్టిమోర్‌లోని ఒక సత్రంలో నలుగురితో కలిసి అమెరికాలో ఆ సంఘం శాఖను నెలకొల్పాడు. రోగిని చూడాలి, కష్టంలో ఉన్నవాణ్ని ఆదుకోవాలి, చనిపోయినవాణ్ని సాగనంపాలి, అనాథను చదివించాలి అన్న నాలుగే వాళ్ల ధర్మాలు. వినడానికి మామూలు నీతివాక్యాల్లా ఉన్నా, 19వ శతాబ్దపు లాడ్జీ ఉపనియమాల్లో వీటికి పద్ధతులున్నాయి, పద్దులున్నాయి. సభ్యుడు జబ్బుపడితే సందర్శక సంఘం వెళ్లి చూడాలి. జబ్బు ముదిరితే రాత్రిపూట పక్కన మేలుకుని ఉండడానికి సభ్యులను వంతులవారీగా పిలిచేవారు. వంతు వచ్చినవాడు రావాలి, లేదా బదులు మనిషిని పంపాలి, రెండూ చేయకపోతే జరిమానా కట్టాలి. ఆసుపత్రి అంటే దిక్కులేనివాళ్లు చచ్చిపోవడానికి వెళ్లే చోటుగా భావించిన కాలమది. ఊరుగాని ఊరిలో అద్దె గదిలో ఉండే కుర్ర పనివాడికి టైఫాయిడ్ వస్తే నీళ్లిచ్చే చేయి లాడ్జీదే. వారానికింత అని ఇచ్చే జబ్బు భత్యం కన్నా ఈ రాత్రి కాపలాయే చాలామందికి అసలు లాభమని అనుకోవచ్చు.

ఆ చూడబోవడంలో ఇంకో పని కూడా ఇమిడి ఉంది. జబ్బు నిజమా, నటనా అన్నది తేల్చుకునేదీ ఆ సందర్శకులే. భత్యం తీసుకుంటూ బజారులో తిరిగేవాణ్ని పట్టుకోవడం సోదరప్రేమతో పాటు నడిచిన పని. దీన్ని దాచి ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చూపించడం నాకు నచ్చదు. కానీ ఈ వివరమే ఇంకో సంగతి చెబుతుంది. వాళ్ల దృష్టిలో ఇది దానం కాదు, హక్కు. ఈవేళ నేను నీ పక్కన కూర్చుంటే రేపు నా పక్కన నువ్వు కూర్చుంటావు. చందా కట్టి హక్కుగా పొందేదాన్ని భిక్ష అంటే ఆ సభ్యులు ఊరుకునేవాళ్లు కారు. బాకీ తీర్చినవాడికి శాలువా కప్పరు గనక రాత్రంతా మేలుకున్నవాడికీ పతకం ఇవ్వలేదు. ఈ లెక్క ఎంత విస్తృతంగా పాకిందంటే, 1897లో డబ్ల్యూ. ఎస్. హార్‌వుడ్ అనే రచయిత అమెరికాలో దాదాపు 1 కోటి 90 లక్షల వయోజన పురుషులకు 55 లక్షల సోదర సంఘ సభ్యత్వాలున్నాయని అంచనా వేశాడు. ఒకే మనిషి మూడు నాలుగు సంఘాల్లో చేరడం మామూలు కాబట్టి దీన్ని కొంత తగ్గించి చదువుకోవాలి. తగ్గించినా పెద్ద సంఖ్యే.

ఈ లెక్కలో కనిపించని చేతులు కొన్ని ఉన్నాయి. సోదరుడి ఇంట్లో రోగికి జావ కాచింది, వితంతువు దగ్గర ఉన్నది చాలా చోట్ల సభ్యుల భార్యలే. వాళ్లకు సభ్యత్వం లేదు, కాబట్టి బాకీ లెక్కలో చోటూ లేదు. 1851లో ఆడ్ ఫెలోస్ ‘రెబెకా డిగ్రీ’ని ఆమోదించారు. తర్వాత అమెరికా ఉపాధ్యక్షుడైన స్కైలర్ కోల్‌ఫాక్స్ దాన్ని రూపొందించాడు. సభ్యుల భార్యలకు, వితంతువులకు ఇచ్చే గౌరవ పట్టా అది. దానితో ఓటు రాలేదు, కుర్చీ రాలేదు. తమ సొంత లాడ్జీలు పెట్టుకోవడానికి రెబెకాలకు 1868 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక రకంగా ఇదే నా వాదనకు గట్టి సాక్ష్యం. విధి, హక్కు ఉన్న మగవాడి సేవకు బిరుదు అక్కర్లేకపోయింది. హక్కు లేకుండా సేవ చేసిన స్త్రీకి బిరుదు కనిపెట్టారు. హక్కు ఇవ్వదలచుకోనప్పుడు గౌరవం చవగ్గా దొరుకుతుంది.

ఆ విధి ఎలా సడలింది? ప్రభుత్వం వచ్చి లాడ్జీ పని లాగేసుకుందన్నది ఎక్కువగా వినిపించే జవాబు. బ్రిటన్‌లో 1911 జాతీయ బీమా చట్టం, 1948 జాతీయ ఆరోగ్య సేవ, అమెరికాలో 1935 సామాజిక భద్రతా చట్టం దానికి ఆధారాలు. డేవిడ్ బీటో వంటి చరిత్రకారులు ఈ వైపు మొగ్గారు. అందులో నిజముంది గాని తేదీలు పూర్తిగా కుదరవు. ఆడ్ ఫెలోస్ జబ్బు భత్యాల మీద 1860–1929 కాలాన్ని పరిశీలించిన జార్జ్ ఎమరీ, హెర్బర్ట్ ఎమరీ చూపించింది వేరు. కుటుంబం, కూడబెట్టిన డబ్బు ఏర్పడిన మధ్యవయస్కుడికి లాడ్జీ భత్యంతో అవసరం తగ్గింది. ప్రభుత్వం చేయి పెట్టకముందే సభ్యులే దాన్ని వదులుకోవడం మొదలుపెట్టారు. రాత్రి కాపలా సంగతీ అంతే. వంతులు పోయి కూలికి నర్సును పెట్టడం, ఆ తర్వాత ఆసుపత్రి. దయాగుణం బయటివాళ్ల వైపు తిరిగింది. 1922లో మేసన్ల అనుబంధ సంఘమైన ష్రైనర్లు లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో వికలాంగ పిల్లల కోసం మొదటి ఆసుపత్రి తెరిచారు. పరస్పర సహాయం ధర్మకార్యంగా మారినచోట, చేసేవాడు తనంతట తాను ముందుకు రావాలి. అలా వచ్చినవాణ్ని నిలబెట్టుకోవడానికి చప్పట్లు కావాలి. సభ్యత్వం తగ్గేకొద్దీ ఆ అవసరం పెరిగింది. అమెరికాలో మేసన్లు 1959లో నలభై లక్షలు దాటారు; నేడు పది లక్షలకు లోపే. సభ్యత్వంలో పాతికేళ్లు, యాభై ఏళ్లు నిండినవాళ్లకిచ్చే పిన్నులు కూడా ఉండిపోయినందుకు ఇచ్చేవే, చేసినందుకు కాదు.

జరిమానాకు భయపడి కూర్చున్నవాడిది సేవా, స్వచ్ఛందంగా వచ్చినవాడిదే కదా నిజమైన సేవ అని ఎవరైనా అడగొచ్చు. రోగికి ఆ తేడా తెలిసి ఉంటుందని నేననుకోను. అతనికి కావలసింది తెల్లవారుజామున మనిషి ఉండటం. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటుంది: అసలు సేవను బయటపెట్టి పొగడటమే తప్పు, కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు కదా అన్నది. దీనికి జవాబు 1793 ఫిలడెల్ఫియాలో ఉంది.

ఆ ఏడు ఆ నగరంలో పచ్చజ్వరం వచ్చి, సుమారు యాభై వేల జనాభాలో ఐదు వేల మంది చనిపోయారు. డబ్బున్నవాళ్లు ఊరు విడిచారు, అప్పుడు అక్కడే ఉన్న ఫెడరల్ ప్రభుత్వంతో సహా. నల్లజాతివారికి ఈ జ్వరం సోకదన్న తప్పుడు నమ్మకంతో డాక్టర్ బెంజమిన్ రష్ వాళ్ల సాయం కోరాడు. ఆబ్సలోమ్ జోన్స్, రిచర్డ్ అలెన్ అనే నల్లజాతి నాయకులు 1787లో స్థాపించిన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ ముందుకొచ్చింది. చందా కట్టి జబ్బుకు, వైధవ్యానికి సాయం పొందే సంఘమది. (జోన్స్ తర్వాత 1797లో ఫిలడెల్ఫియాలోని నల్లజాతి మేసన్ల ఆఫ్రికన్ లాడ్జికి మొదటి మాస్టరయ్యాడు.) రోగులకు సేవ చేసి, శవాలను మోసి, నల్లజాతివారూ వందల్లో చనిపోయారు. జ్వరం తగ్గాక మాథ్యూ కేరీ అనే ముద్రాపకుడు ఒక పుస్తకం వేశాడు. జోన్స్‌ను, అలెన్‌ను మెచ్చుకుంటూనే, నల్ల నర్సులు కొందరు అధిక ధరలు గుంజారని, దోచుకున్నారని రాశాడు. ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది. 1794లో జోన్స్, అలెన్ జవాబు ప్రచురించారు. తమ ఇద్దరి పేర్లే చెప్పి మెచ్చుకోవడం మిగతావాళ్లందరినీ అనుమానంలో నిలబెట్టిందని వాళ్ల ఫిర్యాదు. నాయకుడిని సన్మానించి కార్యకర్తల లెక్క తీర్చేశామనుకునే ప్రతి సభకూ ఆ ఫిర్యాదు తగులుతుంది. ఆ జవాబులో వాళ్లు పద్దు కూడా విప్పారు. వచ్చింది ఇంత, కూలీలకు, శవపేటికలకు పోయింది ఇంత, చేతినుంచి పడింది 177 పౌండ్ల పైచిలుకు. పేర్లు చెప్పారు. డబ్బుకు ప్రాణం అమ్ముకోనని జీతం కాదని, సేవకు ముందుకొచ్చిన సీజర్ క్రాంచల్. పలు ఇళ్లలో సేవ చేసి, ఏమీ అడగకుండా ఆ ఇంటివాళ్ల ఇష్టానికే వదిలేసిన పేద వితంతువు సారా బాస్. చివర మేయర్ మాథ్యూ క్లార్క్‌సన్ ఇచ్చిన యోగ్యతాపత్రం జతచేశారు. ఇక్కడ మౌనంగా ఉండటం వినయం అయ్యేది కాదు, అబద్ధానికి గెలుపయ్యేది. సేవ చేసినవాడి మాట నమ్మని లోకంలో గుర్తింపు సాక్ష్యం అవుతుంది.

కాబట్టి పతకాలు ఉండాలా వద్దా అన్నది కాదు నా పేచీ. టెక్సాస్ లాడ్జీ తనలో సభ్యుడు కాని మనిషిని పిలిచి గౌరవించడం, పాత బాకీ లెక్క ఎన్నడూ చేయని పని, అది మంచిదే. పేచీ ఆ కాగితం మీద ఏం రాస్తున్నారన్నది. ‘అంకితభావంతో చేసిన సేవకు’ అని బంగారు అక్షరాల్లో ఉంటుంది. ఏ సేవ, ఎవరికి, ఎన్ని రాత్రులు అన్నది చాలావాటిలో ఉండదు. సోదర సంఘాల చరిత్ర రాసేవాళ్లకు నేటికీ ఎక్కువగా పనికొస్తున్నవి సన్మానపత్రాలు కావు, పాత మినిట్స్ పుస్తకాల్లోని వంతుల జాబితాలు, జరిమానా పద్దులు.