గొట్టముల ఆర్గను: గ్రామ దేవాలయము నుండి గణకయంత్రమునకు

మన నాటకరంగమునకు సుపరిచితమైన హార్మోనియములో తిత్తి గాలికి ఇత్తడి రీడులు కంపించి నాదము పుట్టును. ఐరోపా చర్చీలలోని ఆర్గనులో చాలవరకు గొట్టములలోని వాయుస్తంభములే కంపించును. ఉన్నత పాఠశాలలో విద్యార్థులు చేయు అనునాద ప్రయోగమే అక్కడ సంగీతమైనదన్న మాట.

ఈ వాద్యము క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున జన్మించెను. క్తెసిబియసు అను యంత్రవేత్త నీటి బరువుతో గాలి ఒత్తిడిని నిలకడగా నుంచి గొట్టములను పలికించెను. బుడాపెస్టులోని అక్వింకమున 1931లో దొరకిన ఆర్గను శిథిలములతోపాటు క్రీ. శ. 228 నాటి శాసనఫలకము కూడ బయల్పడినది. తరువాతి కాలమున ఈ వాద్యము చర్చీలలో ప్రవేశించి పల్లెలకు సైతము ప్రాకెను.

జర్మనీ ఉత్తరతీరమున రైసుం అను చిన్న గ్రామము కలదు. అచటి చర్చిలోని ఆర్గను 15వ శతాబ్ది మధ్యకాలము నాటిది. దాని మూల్యము చెల్లించుటకై గ్రామస్థులు తమ బలిసిన పశువులను ఎమ్స్ నది దాటించిరని పాత వృత్తాంతము. 7 స్టాపులు గల ఆ వాద్యమును 1960 ప్రాంతమున శ్రద్ధతో బాగుచేసిరి. నేటికిని అది పలుకుచునే యున్నది.

దాని శ్రుతి కూడ పాతదే. మీన్‌టోన్ అను ఆ పద్ధతిలో అనేక గాంధారములు 5:4 నిష్పత్తికి సరిగా, లేక మిక్కిలి దగ్గరగా నుండును. మన అంతర గాంధారమునకు చెప్పునదియు ఈ నిష్పత్తియే. నేటి సమశ్రుతిలో ఆ మాధుర్యము కొంత తగ్గును. కాబట్టి పాత ఆర్గను చెడిపోయినచో కొయ్య, తగరము, సీసము మాత్రమే కాదు, ఒక కాలపు వినికిడియే పోవును. ఫ్రాన్సులోని నాంత్ నగర చర్చిలో 1621 నాటి ఆర్గను 1972లో అగ్నిప్రమాదము నుండి బయటపడినను, 2020 జూలై 18న మరియొక అగ్నికి ఆహుతియైనది.

ఇట్టి నాదమును అంకెలలో భద్రపరచుట ఎట్లు? 1937లో అలెక్ రీవ్స్ ధ్వనితరంగమును అంకెలుగా మార్చు పద్ధతిని కనిపెట్టెను. తరంగములోని అత్యధిక పౌనఃపున్యమునకు రెట్టింపుకన్న ఎక్కువ సార్లు కొలిచినచో దానిని తిరిగి సంపూర్ణముగా పొందవచ్చునని షానన్ 1949లో నిరూపించెను. మన చెవికి వినబడు హద్దు సుమారు 20,000. కావున సెకనుకు 48,000 కొలతలు చాలును. 1971లో అమెరికాలో అలెన్ సంస్థవారు అంకెలతో పలుకు ఆర్గనును తెచ్చిరి. అటుపిమ్మట ఇంగ్లండులో మార్టిన్ డైడ్ రూపొందించిన హాప్ట్‌వెర్క్ వంటి ప్రోగ్రాములు వచ్చినవి. వీనికై ప్రతి గొట్టమును విడివిడిగా ధ్వనిముద్రణ చేయుదురు.

ఒక గొట్టపు ధ్వనిని హెచ్చించి తగ్గించి తక్కినవాటికి వాడరాదా? రాదు. ప్రతి గొట్టమునకు శిల్పి చేతితో దిద్దిన స్వంత కంఠము కలదు. మెట్టు విడిచిన పిదప చర్చి గోడలలో తిరుగు ప్రతిధ్వనిని కూడ పట్టవలెను. 7 వరుసలు, 45 మెట్లు గల ఆర్గననుకొందము: 315 ధ్వనులు. ఒక్కొక్కటి 10 సెకనులు, రెండు మైకులు, కొలతకు 3 బైట్లు. మొత్తము సుమారు 90 కోట్ల బైట్లు! పిదప వాయిద్యకారుడు తన ఇంట మెట్టు నొక్కినంతనే దూరపు చర్చిలోని ఆ గొట్టమే పలికినట్లుండును.

అయినను లోటు లేకపోలేదు. నిజమైన ఆర్గనులో అనేక మెట్లు ఒక్కసారి నొక్కినచో తిత్తిలో గాలి తగ్గి స్వరము కొంచెము వణకును. దీనిని గణకయంత్రము లెక్కగట్టి అనుకరించునే గాని, గాలి తానుగా చేయు పని దానికి రాదు. వ్రేలికి తగులు మెట్టు బరువును అంకెలు ఇయ్యజాలవు. అంతకన్న పెద్ద అపాయము మరియొకటి కలదు. నకలు భద్రముగా నున్నదను ధైర్యముతో అసలును ఉపేక్షించుట.

2017లో యునెస్కో ఆర్గను నిర్మాణకళను, సంగీతమును మానవజాతి అమూర్త వారసత్వముగా గుర్తించినది. నకలు విద్యార్థికి గురువగును; వాద్యమునకు వైద్యుడు మాత్రము కాజాలదు. పశువులను తోలి రైసుం ప్రజలు సంపాదించిన నాదము నిలుచుటకు ధ్వనిముద్రణ ఎంత అవసరమో, తిత్తి కుట్టగల చేయి అంతకన్న అవసరము.