కోయ పునెం: కొత్త మతమా? మన పాత బాటేనా?



ఈమధ్య మనలో చాలామంది ఫోన్ స్టేటస్‌లో "కోయ పునెం" అని పెట్టుకుంటున్నాం. "ఇదేం కొత్త మతంరా?" అని ఇంట్లో పెద్దోళ్లు అడిగితే మాత్రం నీళ్లు నములుతున్నాం. అందుకే ఈ పోస్టు.

మన దుమ్ముగూడానికి బయటి నమ్మకాలు రావడం కొత్త కాదు. పర్ణశాల మన మండలంలోనే ఉంది. 1860ల్లో, గోదావరి మీద ఆనకట్ట పనులు జరిగే కాలంలో, చర్చి మిషనరీ సొసైటీ కోయల కోసం ఇక్కడే మిషన్ పెట్టింది. అందులో పనిచేసిన జాన్ కెయిన్ 1876లో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో మన ప్రాంతం గురించి రాశాడు. గుడికి పోయేవాళ్లు పోయారు, చర్చికి పోయేవాళ్లు పోయారు. కానీ పెళ్లి మాట వస్తే అడిగేది మాత్రం "మీదే గట్టు?" అనే కదా!

పునెం అంటే బాట. నాగపూర్‌లో మోతీరావణ్ కంగాలి (1949–2015) గోండి పునెం మీద పుస్తకాలు రాశారు, పారి కుపార్ లింగోను గురువుగా నిలబెట్టారు. మన కోయ పునెం దానికి దగ్గరి చుట్టం. ఇందులో పుస్తకం కొత్త, రాష్ట్రాలు దాటి అందరినీ కలిపే పేరు కొత్త. గట్టు, ఇలవేల్పు, విజ్జ పండుం, కొత్తలు పాతవి. మన పాత పద్ధతిలో అందరికీ ఒకే గురువు, ఒకే గ్రంథం లేవు. ఏ గట్టు వేల్పు ఆ గట్టుదే. ఆ చరిత్ర పడిగె మీద బొమ్మల్లో, డోలి కోయల పాటలో ఉంటుంది.

లింగో కథ కూడా పాటే. ప్రధాన్లు పాడిన ఆ పాట 1866లోనే అచ్చయింది. అంటే కొత్త పుస్తకాల వేరు కూడా పాటగాళ్ల నోట్లోనే ఉంది.

2011 జనాభా లెక్కల్లో 10 లక్షల మందికి పైగా తమ మతం గోండి అని, 49 లక్షలకు పైగా సర్నా అని రాయించుకున్నారు. ఫారంలో ఆదివాసీ మతానికి విడిగా గడి లేదు, అన్నీ "ఇతర" కిందే. మళ్లీ లెక్కలు వస్తున్నాయి. ఏం రాయించాలో ఎవరింట్లో వాళ్లు మాట్లాడుకోవాలి.

కానీ గడిలో పునెం అని రాయించి, మన వేల్పు పేరు చెప్పలేకపోతే ఆ రాతకు విలువేముంది? డోలి పాడే పెద్దోళ్లు తగ్గిపోతున్నారు. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు వాళ్ల దగ్గర కూర్చుందాం. వాళ్లు సరేనంటే పాట రికార్డు చేద్దాం. మీ గట్టు, మీ వేల్పు పేరు కింద రాయండి. తెలియకపోతే సిగ్గుపడొద్దు, ఇవాళే ఇంటికి ఫోన్ చేసి అడగండి.