చెడిపోయిన భట్టీ చెప్పిన తారీఖ్

మమ్లూక్ సుల్తానుల జమానాలో మస్జిదుల కోసం చేసిన గాజు ఖందీళ్ల ఫోటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. నీలం, బంగారు రంగుల మీనా పని, చుట్టూ ఆయతె నూర్. ఎన్నింటి మీదనో చేయించిన సుల్తాన్ పేరో, అమీర్ పేరో ఉంటుంది. గాజు కరిగించిన మజ్దూర్ పేరు మాత్రం నాకెక్కడా కనపడలేదు.

గాజు మజ్దూర్లను వెతకాలంటే భట్టీల దగ్గరికే పోవాలి. ఆ ఖందీళ్లకు అయిదారు వందల ఏళ్ల ముందటి భట్టీల ఆనవాళ్లు షామ్ ఇలాఖాలో ఇంకా ఉన్నాయి. హదేరా దగ్గర బేత్ ఎలియేజర్‌లో 1992లో ఒకేచోట 17 భట్టీలు బయటపడ్డాయి. బనూ ఉమయ్యా కాలానివి. ఒక్కో భట్టీలో ఒక్కసారికి 8 నుంచి 10 టన్నుల పచ్చి గాజు తయారయ్యేది. అంతా ఒకటే బండ. చల్లారాక భట్టీ పగలగొట్టి, గాజును ముక్కలు చేసి ఊరూరా కార్ఖానాలకు పంపేవాళ్లు. సీసాలు, కప్పులు అక్కడ ఊదేవాళ్లు. 1025 ప్రాంతంలో తుర్కీ తీరాన సెర్చె లిమానీ దగ్గర మునిగిన ఓడలో ఇలాంటి గాజు ముక్కలు, పగిలిన గాజు సామాన్లు కలిపి 3 టన్నుల దాకా దొరికాయి.

అన్నిటికంటే నా దిల్‌కు తగిలింది హైఫాకు దగ్గర్లోని బేత్ షెఆరిమ్ బండ. 1956లో ఓ పాత నీటి తొట్టిని శుభ్రం చేస్తుంటే కనపడింది. పొడవు 3.4 మీటర్లు, బరువు 9 టన్నులు. గాజు అని తేలింది 1963లో. తొమ్మిదో సదీ మొదట్లో, అబ్బాసీల కాలంలో కరిగించినది. అప్పటిదాకా మిస్ర్ నుంచి వచ్చే నాట్రాన్ క్షారం వాడేవాళ్లు. తర్వాత మొక్కల బూడిదకు మారారు. ఆ తీరపు ఇసుకలో గవ్వల సున్నం ముందే ఉంది. బూడిదలోనూ సున్నమే. రెండూ కలిసి గాజు చెడిందని పరిశోధకుల అంచనా. సుమారు 1100 డిగ్రీల మంట, రోజుల తరబడి మెహనత్, బండ్లకొద్దీ కట్టెలు, అన్నీ బర్బాద్!

అది ఎవరికీ పనికిరాలేదు కాబట్టే తన భట్టీ నేల మీద నేటికీ అలాగే ఉంది. మంచి గాజంతా బజారుకు పోయింది. చెడిపోయిన గాజే కారీగర్లకు గవాహీ అయింది.

ఈద్‌కు మన ఆడపిల్లలు వేసుకునే గాజు చూడీల్లో ఎన్నో ఫిరోజాబాద్ భట్టీల నుంచే వస్తాయి. పిల్లలకు బాద్షాల కిస్సాలు చెప్పేటప్పుడు, ఆ మంట ముందు నిలబడే చేతుల సంగతీ కాస్త చెబుదాం.